పాత కోడు చరిత్ర.. పేర్లలో పదిలం!

బళ్లారి, రాయచూరు, హోసూరు ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లిన పిల్లలు తక్కువేం కాదు. కొత్తగా చేరినవారి చేతికి చాలాసార్లు వచ్చేది ఇంకెవరో రాసి వదిలేసిన పాత కోడు. రాసినవాళ్లు ఉద్యోగం మారిపోయి ఉంటారు. ఏ భాగం ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పే దిక్కుండదు. లక్షల లైన్లు చదివే ఓపిక ఎవరికుంది? ఆ పనిని గణాంకశాస్త్రానికి అప్పగించి చూశారు కొందరు పరిశోధకులు.

మాటల జట్లు

పాత దినపత్రికల కట్ట ఉందనుకోండి. పత్తి, క్వింటా, యార్డు, ధర అన్న మాటలు పదేపదే ఒకేచోట కనిపిస్తే అది మార్కెట్ వార్తని పూర్తిగా చదవకుండానే పోల్చుకోవచ్చు. 'టాపిక్ మోడల్' చేసేదీ అంతే. దానికి అర్థాలు తెలియవు. ఏ మాటలు జట్టుగా తిరుగుతున్నాయో లెక్కగడుతుంది. వీటిలో బాగా పేరున్న 'ఎల్‌డీఏ' పద్ధతిని డేవిడ్ బ్లై, ఆండ్రూ ఎంగ్, మైఖేల్ జోర్డాన్ 2003లో ప్రచురించారు.

కోడులో మాటలెక్కడివంటారా? ప్రోగ్రామర్లు పెట్టే పేర్లు, పక్కన రాసుకునే కామెంట్లు ఉన్నాయిగా! 'గెట్‌యూజర్‌నేమ్' అని ఉంటే గెట్, యూజర్, నేమ్‌గా విడగొడతారు. ఇఫ్, ఫర్ లాంటి అంతటా ఉండేవాటిని తీసేస్తారు. ప్రింటింగ్‌కు సంబంధించిన మాటల జట్టు ఒక వెర్షన్‌లో ఉన్నట్టుండి పెరిగితే, అక్కడేదో పని జరిగిందన్నమాట. ఎక్స్, వై అని పేర్లు పెట్టేసే బద్ధకస్తుల కోడు ముందు మాత్రం ఇది చేతులెత్తేస్తుంది.

నమ్మొచ్చా?

అసలు సందేహం ఇదే. ఆ హెచ్చుతగ్గులు నిజంగా జరిగిన పనివేనా, లేక లెక్కల మాయా? కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన స్టీఫెన్ థామస్, అహ్మద్ హసన్ బృందం జేహాట్‌డ్రా, జేఎడిట్ అనే రెండు ప్రోగ్రాముల చరిత్ర తీసుకుంది. మోడల్ చూపినవాటిని అసలు మార్పులతో మనుషులే కూర్చుని పోల్చారు. 87 నుంచి 89 శాతం సరిపోయాయి. 2014లో 'సైన్స్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' పత్రికలో ఈ ఫలితం వచ్చింది. గుడ్డిగా నమ్మితే మిగతా శాతం దగ్గర బోల్తా పడాల్సిందే!

ఇంకో చిక్కూ ఉంది. వెర్షన్ మారినా కోడు చాలావరకు అలాగే ఉంటుంది. నిన్నటి పేపర్నే ఇవాళ మళ్లీ అచ్చేసినట్టు! దాంతో లెక్క గాడి తప్పుతుంది. అందుకే అదే బృందం 2011లో 'డిఫ్ మోడల్'ను ప్రతిపాదించింది. ఫైలు మొత్తం కాకుండా మారినంత మేరకే మోడల్‌కు ఇస్తారు. అలా చేస్తే విషయాలు మరింత విడివిడిగా తేలాయి.

జట్టుకు పేరు మాత్రం యంత్రం పెట్టదు. మాటలు చూసి 'ఇది ప్రింటింగ్ పని' అని చెప్పాల్సింది ప్రాజెక్టు తెలిసిన మనిషే. ఆయనా వెళ్లిపోయి ఉంటే, కొత్తవాడు ఆ కాస్త కోడైనా తెరిచి చదవక తప్పదు.