రోజంతా ఖాళీ, చదవడానికి టైం లేదు

మన వైపు ఇంటర్లో ఎంఈసీ తీసుకున్నవాళ్ళు, బీకాం అయిపోయినవాళ్ళు ఒకప్పుడు సీఏ అనగానే గుంటూరో, విజయవాడో, హైదరాబాదో బయలుదేరేవాళ్ళు. వీడియో క్లాసులు వచ్చాక చాలామంది మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఇంట్లోనే ఉండి చదువుతున్నారు. హాస్టల్ ఫీజు మిగులుతుంది, అమ్మ చేతి అన్నం ఉంటుంది. కాలేజీ లేదు, ఉద్యోగం లేదు, రోజంతా వాళ్ళదే. మరి ఎవరిని అడిగినా "టైం సరిపోవట్లేదు" అనే అంటారు. ఎందుకు?

బీటెక్ పత్రికలో సీఏ గోల ఎందుకు అనుకోకండి. రేపు గేట్ కోసమో, గ్రూప్స్ కోసమో మనలో చాలామంది ఇలాగే ఇంట్లో కూర్చోబోతున్నాం. పుంగనూరులో మా పెద్దమ్మ కూతురు సీఏ ఇంటర్మీడియట్‌కి చదువుతోంది. సెలవుల్లో తన టైంటేబుల్ చూస్తుంటే నాకు మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్ గుర్తొచ్చింది. ప్రాసెసర్ ఎంత ఫాస్ట్ అయినా షెడ్యూలింగ్ సరిగ్గా లేకపోతే పని జరగదు కదా. నాకు అర్థమైంది ఒక్కటే: కూర్చున్న గంటలు లెక్కపెడితే మోసపోతాం, పుస్తకం మూసి రాసినది లెక్కపెట్టాలి.

పరీక్ష గురించి నాలుగు ముక్కలు

సీఏ కోర్సుని నడిపేది ఐసీఏఐ, 1949 చట్టంతో ఏర్పడిన సంస్థ. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. 2023లో కొత్త స్కీము వచ్చింది. దాని ప్రకారం ఇంటర్మీడియట్‌లో 6 పేపర్లు, 3 చొప్పున రెండు గ్రూపులు. మొదటి గ్రూపులో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, లా, టాక్సేషన్. రెండో గ్రూపులో కాస్టింగ్, ఆడిటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌తో పాటు స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్. ప్రతి పేపరూ 100 మార్కులు, 3 గంటలు. అందులో 30 మార్కులు బిట్లు, 70 మార్కులు రాసే ప్రశ్నలు. రెండు గ్రూపులూ అయ్యాక 2 ఏళ్ళ ఆర్టికల్‌షిప్.

పాస్ అవ్వాలంటే ప్రతి పేపర్లో కనీసం 40, గ్రూపు మొత్తంలో 50 శాతం, అంటే 300కి 150 రావాలి. ఈ రూల్‌ని టైంటేబుల్ వేసేవాళ్ళు బాగా గమనించాలి. అకౌంట్స్‌లో 90 వచ్చి లాలో 38 వస్తే ఆ గ్రూపు పోయినట్టే. ఆ 90 పూర్తిగా వృథా కాదు. 60 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిన పేపర్‌కి ఎగ్జెంప్షన్ వస్తుంది, తర్వాతి మూడు అటెంప్టుల్లో దాన్ని మళ్ళీ రాయక్కర్లేదు. అయినా గ్రూపు మాత్రం ఆగిపోతుంది. కాబట్టి బాగా వచ్చిన సబ్జెక్టు మీద అదనంగా పెట్టే గంట కన్నా, భయపడే సబ్జెక్టు మీద పెట్టే గంట విలువైనది. మనం మాత్రం దీనికి రివర్స్‌లో చేస్తాం. లెక్కలు వచ్చినవాళ్ళు పొద్దంతా లెక్కలే చేసి "ఈ రోజు పది గంటలు చదివాను" అనుకుంటారు.

రోజుని వెనక నుంచి కట్టాలి

ఇంటర్మీడియట్ పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. సరిగ్గా మన ఊళ్ళలో సంగటి తిని కునుకు తీసే టైం! ఏడాదంతా 2 నుంచి 4 దాకా పడుకున్న బుర్ర, పరీక్ష రోజు మాత్రం అదే టైంకి చురుగ్గా ఉండమంటే ఉంటుందా? అందుకే ముందు 2 నుంచి 5ని ఫిక్స్ చేసి, మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి. అక్కకీ నాకూ కుదిరిన ప్లాన్ ఇది.

పొద్దున 6 నుంచి 9 వరకు, మధ్యలో అరగంట బ్రేక్‌తో, లెక్కల సబ్జెక్టు: అకౌంట్స్, కాస్టింగ్ లాంటివి. కొత్త చాప్టర్ ఇక్కడే. పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు థియరీ: లా, ఆడిటింగ్ లాంటివి. 2 నుంచి 5 వరకు పుస్తకం మూసేసి పెన్నుతో రాయడమే. నిన్నటి చాప్టర్, పోయిన వారం చాప్టర్, శనివారం అయితే ఏకంగా 3 గంటల పేపర్. రాత్రి 7 నుంచి ఎనిమిదిన్నర వరకు రాసినదాన్ని దిద్దుకోవడం, రేపటి లిస్టు వేసుకోవడం.

మొత్తం 9 గంటలు. మొదటి వారంలోనే ఇది చేయాలని చూస్తే నాలుగో రోజుకి మానేస్తారు. 5 గంటలతో మొదలుపెట్టి వారానికో గంట పెంచుకుంటే నిలబడుతుంది. మొదటి రోజు నుంచీ వదలకూడనిది మాత్రం మధ్యాహ్నం రాసే టైం.

రోజుకి ఎన్ని సబ్జెక్టులు? రెండు చాలు. ప్రాసెసర్ ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా పాతదాన్ని దాచి కొత్తదాన్ని లోడ్ చేసుకోవాలి. దాన్నే కాంటెక్స్ట్ స్విచ్ అంటాం, ఆ కాసేపు పని జరగదు. మనిషికీ అంతే. రోజుకి ఆరు సబ్జెక్టులు గంట చొప్పున పెట్టుకుంటే సగం టైం "నిన్న ఎక్కడ ఆపాను" అని వెతుక్కోడానికే పోతుంది. అలాగని నెలంతా ఒకే సబ్జెక్టు పట్టుకుంటే మిగతావి మరిచిపోతాం. ఒక లెక్కల సబ్జెక్టు, ఒక థియరీ సబ్జెక్టు జత చేసి, చాప్టర్ ముగిసేదాకా నడిపి, తర్వాత జత మార్చడం మధ్యేమార్గం.

టమాటా లెక్క

పొమొడోరో టెక్నిక్ గురించి వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు ఆగడం మొదలుపెట్టాడు. ఇటాలియన్లో పొమొడోరో అంటే టమాటా. మదనపల్లె వాళ్ళకి ఇంతకన్నా దగ్గరి టెక్నిక్ ఇంకోటి ఉండదేమో!

సీఏ వాళ్ళకి ఈ 25 ఇంకోలా పనికొస్తుంది. 100 మార్కులకి 180 నిమిషాలు, అంటే మార్కుకి 1.8 నిమిషాలు. 14 మార్కుల ప్రశ్నకి సుమారు 25 నిమిషాలు! కాబట్టి మధ్యాహ్నం ఒక్కో టైమర్‌కి ఒక్కో పెద్ద ప్రశ్న. బెల్ మోగేసరికి అయిపోకపోతే లెక్క రానట్టు కాదు, పరీక్షలో ఆ స్పీడ్ చాలదని అర్థం. పొద్దున కొత్త చాప్టర్ చదివేటప్పుడు మాత్రం 25 నిమిషాలు చాలా చిన్నది. అప్పుడే బుర్రకి ఎక్కుతున్న లెక్కని మధ్యలో తెంపకుండా 50 నిమిషాలు పెట్టుకోవడం మేలు.

మళ్ళీ చదవడం, మూసి రాయడం

3 గంటలు రాయడానికే ఎందుకు, ఆ టైంలో ఇంకోసారి చదువుకోవచ్చు కదా అని అక్క కూడా అడిగింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇదే పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, రాసినవాళ్ళకి ఎక్కువ గుర్తుంది.

మనం మోసపోయేది ఇక్కడే. హైలైటర్‌తో గీసిన పేజీ రెండోసారి చూస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. అది తెలియడం కాదు, చూసిన మొహాన్ని గుర్తుపట్టడం లాంటిది. పేరేంటని అడిగితే నోట మాట రాదు. వీడియో క్లాసులూ అంతే. రెండింతల స్పీడ్‌లో మూడు క్లాసులు చూసిన రోజు చాలా చదివినట్టే ఉంటుంది, చేత్తో ఒక్క లెక్కా చేసి ఉండం. ప్రశ్నల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఐసీఏఐ స్టడీ మెటీరియల్, రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్టులు, పాత పరీక్షల జవాబులు అన్నీ ఆన్‌లైన్లో ఉచితంగానే ఉంటాయి.

ఒక గ్రూపా, రెండు గ్రూపులా

ఇప్పుడు అసలు లెక్క. పరీక్షలు ఇప్పుడు జనవరి, మే, సెప్టెంబర్ అని ఏడాదికి మూడుసార్లు. అటెంప్టుకీ అటెంప్టుకీ మధ్య సుమారు 120 రోజులు. ఆఖరి 30 రోజులు రివిజన్‌కి తీస్తే 90. ఆదివారాలు తీస్తే 77. మన 9 గంటల్లో కొత్తది చదివేది నాలుగున్నర గంటలే, మిగతాది రాయడం, దిద్దుకోవడం. 77ని నాలుగున్నరతో గుణిస్తే సుమారు 346 గంటలు. ఆరు పేపర్లకి పంచితే ఒక్కోదానికి 58 గంటలు కూడా రావు! కొన్ని సబ్జెక్టుల వీడియో క్లాసులే 100 గంటలు దాటతాయి. అదే మూడు పేపర్లకి అయితే ఒక్కోదానికి 115 గంటలు.

అంటే సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళకి 4 నెలల్లో ఒక గ్రూపు, 8 నెలల్లో రెండు గ్రూపులు లెక్కకి కుదురుతాయి. రెండూ కలిపి రాయడంలో లాభం ఉంది, ఒక గ్రూపులో మొత్తం తగ్గితే ఇంకో గ్రూపు మార్కులతో పూడ్చుకోవచ్చు. కానీ ప్రతి పేపర్లో 40 మాత్రం తప్పదు. ధైర్యాన్ని బట్టి కాదు, క్యాలెండర్ని బట్టి తేల్చుకోవాల్సిన విషయం ఇది.

"ఊరికే ఉండావు కదా"

ఇంట్లో చదివేవాళ్ళ టైంని తినేది ఫోన్ ఒక్కటే కాదు. "ఊరికే ఉండావు కదా, అంగడికి పోయి పెరుగు తెచ్చిపెట్టు." "ఊరికే ఉండావు కదా, గ్యాస్ వస్తుంది, తలుపు తియ్యి." ఒక్కో పని పది నిమిషాలే. కానీ లెక్క మధ్యలో లేచి వస్తే మళ్ళీ అందుకోవడానికి ఇంకో పావుగంట. ఆడపిల్లలకైతే ఇది ఇంకా ఎక్కువ. కాలేజీకి పోయే తమ్ముడిని ఎవరూ పిలవరు, ఇంట్లో ఉన్న అక్కనే పిలుస్తారు. పైగా అటెంప్ట్ పోయిన ప్రతిసారీ చదువు ఆపించి సంబంధాలు చూద్దామనే మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

దీనికి కోపం తెచ్చుకుని గది తలుపు వేసుకుంటే ఇంట్లో గొడవే మిగులుతుంది. అక్క చేసింది బాగుంది. టైంటేబుల్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో అతికించింది. 9 నుంచి పదిన్నర, సాయంత్రం 5 నుంచి 7 ఇంటి పనులకి. ఆ టైంలో ఏ పని చెప్పినా చేస్తుంది, మిగతా టైంలో పరీక్ష హాల్లో ఉన్నట్టే. పెద్దమ్మకి వారం పట్టింది అలవాటు కావడానికి. ఇప్పుడు 2 గంటలకి ఎవరైనా వస్తే పెద్దమ్మే "రాసుకుంటా ఉంది, 5కి రండి" అంటోంది. పొలం ఉన్న ఇళ్ళలో టమాటా కోత రోజులు ముందే తెలుస్తాయి కాబట్టి, ఆ రోజుని ఆదివారం లెక్కలో వేసుకుని అసలు ఆదివారం చదువుకోవచ్చు.

ఆఖరి 45 గంటలు

పేపర్ల మధ్య సాధారణంగా ఒక రోజు గ్యాప్ ఉంటుంది. ఒక పేపర్ సాయంత్రం 5కి అయితే, తర్వాతిది ఎల్లుండి 2కి. మొత్తం 45 గంటలు. రెండు రాత్రుల నిద్ర, తిండి, ప్రయాణం పోతే చేతిలో మిగిలేది 22, 23 గంటలు. ఒక సబ్జెక్టు మొత్తాన్ని ఆ టైంలో తిరగేయగలగాలి. అంటే నెలల తరబడి తయారుచేసే నోట్సు ఆ గంటల్లో పట్టేంతే ఉండాలి. రోజూ రాత్రి దిద్దుకున్నప్పుడు రాసిపెట్టుకున్న తప్పుల లిస్టు ఇక్కడ అన్నిటికన్నా పనికొస్తుంది.

ప్రయాణం కూడా ఈ లెక్కలోదే. మదనపల్లె నుంచి తిరుపతికి బస్సులో రోజూ పోను రాను తిరిగితే ఐదారు గంటలు పోతాయి. సెంటర్ పెట్టుకునేటప్పుడే అక్కడ ఉండడానికి చుట్టాల ఇల్లో, రూమో చూసుకోవాలి. కుప్పం వాళ్ళు బెంగళూరు రైలు లైను మీదే ఉన్నారు కాబట్టి వాళ్ళకి అది దగ్గర కావచ్చు.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలా ఇంట్లో ఉండి చదువుతుంటే "ఎన్ని గంటలు చదివావు" అని అడగకండి. పది అని చెప్పడం తేలిక. "ఈ రోజు చూడకుండా ఏం రాశావు" అని అడగండి. కుదిరితే ఆదివారం సాయంత్రం వెళ్ళి, వాళ్ళు రాసిన పేపర్ ముందు పెట్టుకుని జవాబులు సరిచూసి పెట్టండి. మనకి అకౌంట్స్ రాకపోయినా అంకెలు కలిశాయో లేదో చూడటం వచ్చు కదా.