అంగడి గవాక్షమున కళ

అంగడి ముందరి అద్దాల గవాక్షము సరకుల నమ్ముటకే యేర్పడినది. అయినను పేరు రాని కళాకారులకు అదియే తొలి ప్రదర్శనశాల యైన సందర్భములు కలవు.

న్యూయార్కులోని టిఫనీ నగల దుకాణమున 1955 మొదలు 1994 వరకు గవాక్షములను తీర్చిన జీన్ మూర్, యువకళాకారులకు పని కల్పించెను. జాస్పర్ జాన్స్, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అచట నగలకు తగిన కృత్రిమదృశ్యములను నిర్మించిరి. ఈ పని తమ చిత్రకళతో కలిసిపోరాదని ‘మాట్సన్ జోన్స్’ అను మారుపేరు పెట్టుకొనిరి. 1961లో ఆండీ వార్హోల్ బాన్విట్ టెల్లర్ గవాక్షమున, దుస్తులు తొడిగిన బొమ్మల వెనుక, తన చిత్రములు 5 నిలిపెను. బాటసారులు రుసుము లేకయే వానిని చూచిరి.

నేడును యువశిల్పులు మట్టితో, నూలుతో, కాగితముతో గవాక్షములను తీర్చుచున్నారు. వర్తకుడు వారికి ప్రతిఫలమిచ్చిన చాలదు. అద్దముపై వారి పేరును వ్రాయవలెను. పేరు తెలిసిననే గదా, చూపరి రేపు వారిని వెదకుకొని పోగలుగుట!