నెత్తురు ఆగేదాకా...

ఎదిగిన మనిషి ఒంట్లో నెత్తురు దాదాపు 5 లీటర్లు. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. 108 అంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా, ఆ నిమిషాలు మాత్రం పక్కనున్నవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. శుభ్రమైన గుడ్డ, దొరక్కపోతే కండువానో చున్నీనో గాయం మీద పెట్టి, రెండు చేతులతో ఒంటి బరువంతా మోపి అదిమి పట్టాలి. ఆగిందేమో చూద్దామని మాటిమాటికీ తీస్తే, అప్పుడప్పుడే గడ్డకడుతున్న నెత్తురు మళ్లీ కారుతుంది. గాయంలో ఇనుప ముక్కో గాజు పెంకో దిగి ఉంటే లాగకుండా, దాని చుట్టూ అదమాలి. కాఫీ పొడి అద్దడం మన ఇళ్లలో పాత అలవాటు. చిమ్మే నెత్తురును అది ఆపలేదు, పైగా గాయంలో మురికి చేరుతుంది.

చేతికో కాలికో తగిలిన గాయం అదిమినా ఆగకపోతే టోర్నికే, అంటే నెత్తురు ఆగేలా బిగించే పట్టీ, కట్టాలి. పారిస్ శస్త్రవైద్యుడు జాన్ లూయీ పెతీ 1718లోనే మర తిప్పి బిగించే టోర్నికే తయారుచేశాడు. అవయవం పోతుందన్న భయంతో చాలాకాలం దాన్ని ఆఖరి మార్గంగానే చూశారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల అనుభవం ఆ అభిప్రాయాన్ని మార్చేసింది. గాయానికి పైన నాలుగు వేళ్ల ఎడంలో, కీలు మీద పడకుండా, నెత్తురు పూర్తిగా ఆగేంత గట్టిగా బిగించాలి. కట్టిన టైము రాసిపెట్టాలి. ఆసుపత్రి చేరేదాకా వదులు చేయకూడదు. సన్నని తాడూ వైరూ వద్దు, కండను కోసేస్తాయి. పాముకాటుకు మాత్రం ఇలా కట్టనే కూడదు!

గజ్జల్లో, చంకలో గాయమైతే టోర్నికే వేసే చోటే ఉండదు. అక్కడ గాజుగుడ్డను గాయం లోపలికంటా కుక్కి అదమాలి. సైనికులు వాడే కొన్ని ప్రత్యేకమైన కట్లలో కైటోసాన్ ఉంటుంది. అది రొయ్య పొట్టు నుంచి తీసే పదార్థం! ఎర్ర కణాలను పట్టి గుమిగూడేలా చేస్తుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

కట్టిన గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు జపాన్ పరిశోధకురాలు ఉతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే కృషి ఫలం. 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రుల మీద జరిగి, 2010లో వెలువడిన పరీక్ష దాని విలువ తేల్చింది. గాయమైన 3 గంటల్లోపే ఇవ్వాలి, ఆలస్యమైతే కీడు కూడా చేయవచ్చు.

కేసుల్లో ఇరుక్కుంటామన్న జంకుతో సాయం చేయకుండా ఆగిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని వాళ్లను పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతపెట్టకూడదు.