మంచం పట్టిన రోగికి ఒక లెక్క

మన యిళ్ళలో పెద్దవారిని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే మనం మొదట చేసే పని డబ్బు సర్దుకోవడం. ఆ పైన యిన్సూరెన్సు కాగితాలు వెదకడం, పగలు యెవరుండాలి, రాత్రి యెవరు పడుకోవాలి అని వంతులు వేసుకోవడం. యివన్నీ అయ్యాక రోగిని మంచం మీదనుంచి కదలనీయకుండా కాపలా కాయడం. "మీరు లేవకండి, మేమున్నాం గదా!" అనడం మనవాళ్ళు ప్రేమను చూపే పద్ధతులలో ఒకటి. కిందటేడు వానాకాలంలో మేమూ ఆ మాటే అన్నాము. దాని వల్ల యేమి జరిగిందో, దానినుంచి మేము యేమి తెలుసుకొన్నామో పాఠకులతో చెప్పుకోవాలని యీ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాము. మేము వైద్యులం కాము. మెట్రిక్యులేషను చదివి, యిరవై యేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు కట్టుకొంటున్న వాళ్ళం. అయితే యిక్కడ చెప్పబోయేది కూడా చివరకు ఒక కాగితం సంగతే గనుక, ఆ మాత్రం చెప్పగలమనే ధైర్యం.

మా మేనమామగారికి 72 యేళ్ళు. మూడు తరాలుగా బళేపేటలో స్థిరపడిన కుటుంబం. నిమ్ము చేసి జ్వరం యెక్కువైతే ఆసుపత్రిలో చేర్చాము. చేర్చేటప్పుడు నర్సమ్మ "ముందునుంచీ యేమైనా జబ్బులున్నాయా?" అని కన్నడంలో అడిగింది. బీపీ వుంది, షుగరు లేదు అని చెప్పాము. ఆమె వ్రాసుకొంది. యెనిమిది రోజులలో జ్వరం చక్కగా తగ్గింది. ఆ యెనిమిది రోజులూ ఆయన స్నానాలగదికి తప్ప మంచం దిగలేదు, మేము దిగనీయలేదు. అత్తయ్య అన్నం కలిపి నోటికి అందించింది. పిల్లలు వంతులవారీగా కాళ్ళ దగ్గర కూర్చొన్నారు. చూడవచ్చిన చుట్టాలందరూ మా సేవను మెచ్చుకొన్నారు.

యింటికి వచ్చిన నాలుగవ నాడు యెడమ పిక్కలో నొప్పి అన్నారు. చూస్తే ఆ కాలు రెండవ కాలికంటె లావుగా వుంది, ముట్టుకొంటే వెచ్చగా వుంది. "పడుకొని పడుకొని నరం బిగుసుకొంది" అని అత్తయ్య నువ్వులనూనె కాచి పిక్క మర్దనా చేసింది. మరునాడు తెల్లవారుజామున పెరటిలోకి వెళ్ళి వస్తూ ద్వారబంధం పట్టుకొని కూలబడ్డారు. ఊపిరి అందడం లేదు. వొళ్ళంతా చెమట. ఆటోలో వేసుకొని దగ్గరలో వున్న వేరొక ఆసుపత్రికి పరుగెత్తాము. అక్కడ స్కానింగు తీసి, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం తెగి పైకి వెళ్ళి, ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడిందని చెప్పారు.

అక్కడి డాక్టరమ్మగారు మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. "యీయనకు యిదివరకెప్పుడైనా కాలిలో రక్తం గడ్డకట్టిందా?" లేదని మేమందరం ఒక్క గొంతుతో అన్నాము. అత్తయ్య మాత్రం కాసేపు ఆగి, "పెద్దమ్మాయి పెళ్ళికి ముందు యీయన కాలు విరిగి సిమెంటుకట్టు వేశారమ్మా. అప్పుడు కాలు వాస్తే, గడ్డ కట్టిందని ఆరు నెలలు మాత్రలు వాడారు" అంది. పాతికేళ్ళనాటి మాట. "మరి మొదటి ఆసుపత్రిలో చెప్పారా?" అని అడిగారు డాక్టరమ్మగారు. "వాళ్ళు అడగలేదు తల్లీ. అది చెప్పవలసిన సంగతని మాకూ తెలియలేదు" అంది అత్తయ్య. ఆ మాట మా మనస్సులో యిప్పటికీ నిలిచిపోయింది.

అసలు యిది యెట్లా జరుగుతుందో చెప్పుకొందాం. కాళ్ళలోని రక్తం సిరల గుండా పైకి, గుండెకు యెక్కిరావాలి. మనం నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి, వదలి, సిరలను పిండుతూ రక్తాన్ని పైకి తోస్తుంది. మంచాన పడుకొంటే ఆ తోపు ఆగిపోతుంది. పారే నీటికి పాచి పట్టదు, నిలవనీటికే పడుతుంది గదా! రక్తం సంగతీ అంతే. దానికి తోడు చీము, నిమ్ము, జ్వరం వంటి రోగాలలో రక్తానికి గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. ఊపిరితిత్తులలో దొరికే గడ్డలు చాలాసార్లు కాళ్ళనుంచి కొట్టుకొని వచ్చినవేనని జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దపు నడిమి రోజులలోనే చూపించాడు. రక్తం నెమ్మదించడం, రక్తనాళపు గోడ దెబ్బతినడం, రక్తం చిక్కబడే స్వభావం అనే మూడు కారణాలనూ వైద్యులు నేటికీ ఆయన పేరనే చెప్పుకొంటారు. ఆయన పుట్టిన అక్టోబరు 13వ తేదీనే 2014 నుంచి ప్రపంచమంతటా యీ జబ్బును గూర్చిన దినంగా జరుపుతున్నారు.

దీనిని ముందుగానే ఆపవచ్చునని లోకానికి చాటినవారిలో మన దేశంలో పుట్టినవాడొకరున్నారు. ఆయన డాక్టర్ విజయ్ కక్కర్. లండనులో శస్త్రవైద్యుడుగా వుంటూ, 1975లో నాలుగు వేలకు పైబడిన రోగుల మీద జరిగిన పరిశోధనను ప్రకటించారు. ఆపరేషను చేయించుకొన్నవారిలో సగం మందికి హెపారిన్ అనే మందును కొద్ది మోతాదులో యిచ్చారు, సగం మందికి యివ్వలేదు. మందు లేనివారిలో 16 మంది ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి చనిపోగా, మందు పుచ్చుకొన్నవారిలో చనిపోయినవారు యిద్దరే. ఆయన ఆధ్వర్యాన మన బెంగుళూరులో కూడా, బొమ్మసంద్రలో నారాయణ హృదయాలయ ఆవరణలో, రక్తం గడ్డకట్టడాన్ని గూర్చిన పరిశోధన సంస్థ యేర్పడింది.

ఆ తరువాత చాలా కాలం యిది ఆపరేషను రోగుల బెడద మాత్రమేనని అందరూ అనుకొన్నారు. కత్తి పడని రోగి, అంటే జ్వరమో ఆయాసమో గుండె నీరసమో వచ్చి మంచాన పడ్డవాడు, ఆ లెక్కలోకి రాలేదు. 1999లో విదేశాలలో అట్టి రోగులు 1,102 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. మందు లేనివారిని పరీక్షచేసి చూస్తే వందకు సుమారు 15 మంది సిరలలో గడ్డలు కనిపించాయి. యెనాక్సపరిన్ అనే సూదిమందును దినానికి 40 మిల్లీగ్రాముల వంతున తీసుకొన్నవారిలో అది 5 లేక 6కు దిగింది. వాటిలో చాలావరకు పైకి యే లక్షణమూ కనబడని గడ్డలే. చప్పుడు చేయకుండా వచ్చేదే యీ జబ్బుకున్న దుర్మార్గం.

అయితే చేరిన ప్రతి రోగికీ ఆ సూది పొడిచేస్తే సరిపోదా? సరిపోదు. రక్తాన్ని పలుచన చేసే మందు కొందరికి రక్తస్రావం తెచ్చిపెడుతుంది. కడుపులో మానని పుండున్నవారికి, యిటీవల యెక్కడైనా రక్తం పోయినవారికి, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి, మూత్రపిండాలు, కాలేయం చెడినవారికి ఆ భయం హెచ్చు. కనుక యిది జమా ఖర్చుల వ్యవహారం. ఒక పక్క గడ్డకట్టే భయం, ఒక పక్క రక్తం పోయే భయం. రెండూ వేసి చూసి తేల్చుకోవాలి. ఆ లెక్క వేయడానికి వైద్యులు కొన్ని పద్దులు తయారు చేసుకొన్నారు. వాటిలో బాగా వాడుకలో వున్నది ఇటలీ దేశంలోని పాదువా నగరపు వైద్యులు 2010లో ప్రకటించినది.

అందులో పదకొండు అంశాలున్నాయి. ప్రస్తుతం కాన్సరు వుండటం, యిదివరకు సిరలలో రక్తం గడ్డకట్టి వుండటం, కనీసం 3 రోజులు మంచానికే పరిమితం కావడం, రక్తం సులభంగా గడ్డకట్టే లోపం వున్నట్లు తేలడం, యీ నాలుగింటికీ తలా 3 మార్కులు. నెల రోజులలోపల పెద్ద దెబ్బ గాని ఆపరేషను గాని అయివుంటే 2. ఇక 70 యేళ్ళు నిండటం, గుండె లేక శ్వాస పని చాలకపోవడం, కొత్తగా గుండెపోటో పక్షవాతమో రావడం, చీము జ్వరాలు లేక కీళ్ళవాతపు జబ్బులు, స్థూలకాయం, హార్మోను మందుల వాడకం, వీటికి ఒక్కొక్క మార్కు. మొత్తం 4 గాని అంతకు మించి గాని వస్తే ప్రమాదం హెచ్చు అని అర్థం. స్నానాలగదికి మాత్రం లేచివచ్చే రోగిని కూడా మంచానికి పరిమితమైనవాడుగానే లెక్కకట్టాలి సుమా!

పాదువా వైద్యులు 1,180 మంది రోగులను 90 రోజులపాటు కనిపెట్టి చూశారు. 4కు తక్కువ మార్కులు వచ్చినవారిలో గడ్డకట్టినది వెయ్యికి ముగ్గురికే. 4 గాని అంతకు మించి గాని వచ్చి, తగిన మందు అందనివారిలో వందకు 11 మందికి. అంతే మార్కులు వచ్చినా మందు సరిగా అందినవారిలో వందకు ఇద్దరికి.

మేము యింటికి వచ్చి ఒక తెల్లకాగితం మీద మేనమామగారి లెక్క వేశాము. వయస్సుకు 1. నిమ్ముకు 1. యెనిమిది రోజుల మంచానికి 3. అక్కడికి 5. మా మౌనంలో కప్పబడివున్న పాత గడ్డకు మరి 3. మొత్తం 8. జీవితంలో యెన్నో కూడికలు చేశాము గాని, యింత బరువైన కూడిక చేయలేదు.

యిది మా ఒక్క యింటి కథ కాదు. 2006 ఆగస్టు నుంచి 2007 జనవరి వరకు మన దేశంలోని 10 ఆసుపత్రులలో 2,058 మంది రోగులను పరిశీలించారు. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రక్తనాళ శస్త్రవైద్యులు డాక్టర్ పింజల రామకృష్ణగారు మొదలైనవారు ఆ వివరాలను 2012లో ప్రకటించారు. ఆపరేషను లేని రోగులలో వందకు సుమారు 45 మందికి గడ్డకట్టే ప్రమాదం వుంది. ఆ ప్రమాదం వున్నవారిలో తగిన నివారణ అందినది వందకు 19 మందికే. "యిది తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదు" అనే మాట యింకా అక్కడక్కడ వినబడుతుంది గనుక యీ అంకెలు చెప్పవలసి వచ్చింది. ఇంగ్లండులో 2010 నుంచి వయోజనులైన రోగులలో వందకు 90 మందికైనా చేరినప్పుడే యీ లెక్క వేయాలని ఆసుపత్రులకు గురి పెట్టారు. గొప్ప యంత్రమేమీ అక్కరలేదు. ఒక కాగితం, ఒక కలం, అడగవలసినది అడిగే ఓపిక చాలు.

మరి యింటివారుగా మనం చేయగలిగిందేమిటి? రోగి చేరిన రోజునే డాక్టరుగారిని వినయంగా, "కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం యెంతో లెక్క చూశారా అండీ?" అని అడగవచ్చు. అడిగితే తప్పుపట్టే డాక్టరు వుండరు. పాత గడ్డలు, రక్తసంబంధీకులకు వచ్చిన గడ్డలు, కాన్సరు చికిత్స, హార్మోను మాత్రలు, పాత కడుపుపుండు, యివన్నీ అడగకపోయినా చెప్పాలి. బీపీ, షుగరు మాత్రమే జబ్బులు కావు. డాక్టరు లేవవచ్చునంటే రోగిని లేపి, చేయి పట్టుకొని వరండాలో నాలుగడుగులు వేయించాలి. బిగుతు మేజోళ్ళు తొడిగితే చాలుననుకోరాదు. పక్షవాతపు రోగులకు అవి మేలు చేయకపోగా చర్మానికి హాని చేశాయని 2009లో తేలింది. సూదిమందును సొంతంగా కొని పొడిపించుకోవడం, డాక్టరు వ్రాసినదాన్ని మనంతట మనం మానిపించడం రెండూ తప్పే.

యింటికి వచ్చాక కూడా మూడు నెలలు కనిపెట్టి వుండాలి. ఒక కాలు వాచి, నొప్పిగా, వెచ్చగా వుంటే నూనె పెట్టి రుద్దకూడదు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం, వీటిలో యేది కనిపించినా తెల్లవారనిమ్మని ఆగరాదు.

భగవంతుని దయవల్ల మా మేనమామగారు బ్రతికి బయటపడ్డారు. రోజూ మాత్రలు వేసుకొంటున్నారు. మునుపటివలె చిక్కపేట దాకా నడిచి పోలేరు. వీధి మలుపు దాకా వెళ్ళి, అరుగు మీద కాసేపు కూర్చొని తిరిగివస్తారు. అత్తయ్య ఆ నూనెగిన్నె సంగతి తలచుకొని యిప్పటికీ కళ్ళు వొత్తుకొంటుంది. తప్పు ఆమె ఒక్కతెది కాదని మేమంతా చెబుతూనే వున్నాము.

మేము చేసిన పని ఒకటుంది. యింట్లో ప్రతి పెద్దవారి పేరా ఒక కాగితం వ్రాసి, వారి ఆసుపత్రి ఫైలులో అన్నిటికంటె పైన కుట్టాము. పాత జబ్బులు, పాత ఆపరేషన్లు, వాడే మందులు, రక్తసంబంధీకుల జబ్బులు, అన్నీ అందులో వున్నాయి. మేనమామగారి కాగితంలో మొదటి పంక్తి యెర్ర సిరాతో వ్రాశాము. పాఠక సోదర సోదరీమణులు యీ ఆదివారం ఒక గంట వెచ్చించి, తమ యింటి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని, అటువంటి కాగితం వ్రాసుకోవలసిందని మా మనవి. పెద్దలు చెప్పే పాత కథలు యెటూ వింటూనే వుంటాము. ఆ కథల్లో వారి ప్రాణం కాపాడే మాట కూడా ఒకటి దాగివుండవచ్చు.