జ్వరాల జాడ చెప్పే రాత్రి రిజిస్టరు

భద్రాచలం: మన్యంలో జ్వరాల తీవ్రతను ఉదయం ఓపీ వద్ద బారులు తీరిన రోగులను బట్టి అంచనా వేయడం పరిపాటి. ఓపీ ముగిశాక, చీకటి పడ్డాక, ఆదివారాలు, పండుగ రోజుల్లో డ్యూటీ డాక్టరు వద్దకు వచ్చే వారి వివరాలు మరో కోణాన్ని చూపుతాయి. గిరిజన కూలీ ఒళ్లు కాలుతున్నా ఓర్చుకుని పనికి వెళతాడు. వణుకు తగ్గకపోతేనో, బిడ్డకు ఫిట్స్ వస్తేనో అర్ధరాత్రి ఆస్పత్రికి బయలుదేరుతాడు. ఆ వేళ వచ్చే జ్వరం చాలావరకు ముదిరిన జ్వరమే. ఫాల్సిపారం మలేరియాకు ఒక్క రోజు చికిత్స ఆలస్యమైనా ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

వానకు, జ్వరానికి మధ్య నెల

తొలకరి పడగానే జ్వరాలు రావు. నిలిచిన నీటిలో గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. రోగి రక్తం పీల్చిన దోమలో మలేరియా పరాన్నజీవి ఎదగడానికి సుమారు మరో పది రోజులు కావాలి. అది కుట్టిన మనిషిలో ఫాల్సిపారం జ్వరం బయటపడటానికి సాధారణంగా 9 నుంచి 14 రోజులు. వెరసి నెల గడుస్తుంది. జూన్‌లో వాన పడితే జూలైలో రాత్రి వచ్చే జ్వరపీడితులను లెక్కించవలసి ఉంటుంది. పోడు చేలలో మంచెలపై కాపలా పడుకునే వారికి దోమతెర ఇంట్లో ఉన్నా ప్రయోజనం లేదు.

2004లో మొదలైన సమగ్ర వ్యాధుల నిఘా పథకంలో ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు, ప్రయోగశాలలు వేర్వేరు ఫారాల్లో వారానికోసారి లెక్కలు పంపేవారు. 2021 నుంచి దేశవ్యాప్తంగా ఈ సమాచారం ఆన్‌లైన్ వేదికపైకి మారింది. వారపు లెక్కల్లో రోగి పగలు వచ్చాడా, రాత్రి వచ్చాడా అన్న తేడా కనిపించేది కాదు. ఇంగ్లండ్‌లో పనివేళల తరువాత డాక్టర్లను సంప్రదించిన వారి వివరాలను లక్షణాల వారీగా విడదీసి, ఫ్లూ, వాంతులు, విరేచనాల పోకడను వారం వారం ప్రకటిస్తారు. మన వద్ద కాగితపు రిజిస్టరుతోనూ ఈ పని సాధ్యమే.

సంఖ్య కాదు.. వాటా చూడాలి

ఉదాహరణకు ఒక వారం రాత్రి వేళ 60 మంది వస్తే 15 జ్వరాలు, మరో వారం 40 మందిలో 20 జ్వరాలు అనుకుందాం. రోగులు తగ్గారు, జ్వరాల వాటా మాత్రం పావు నుంచి సగానికి చేరింది. ప్రమాద సంకేతం ఇదే. ఒక్క రాత్రి లెక్కతో తేల్చరాదు. గత ఏడాది ఇదే వారంతో పోల్చి చూడాలి.

రిజిస్టరు ఖాళీగా ఉన్నంత మాత్రాన ఊరు ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అటువంటి వరదల్లో దారులు మునిగి దుమ్ముగూడెం, చర్ల వైపు రోగులు కదలలేరు. ఆస్పత్రిలో కేసులు తగ్గుతాయి, గూడెంలో జ్వరం ఉంటుంది. బావులు మునిగిన చోట విరేచనాలు తోడవుతాయి. ఆర్‌ఎంపీ వద్ద సూది వేయించుకుని ఇంటికి మళ్లే వారు ఏ లెక్కలోకీ రారు. ముంపు గ్రామాలకు రాపిడ్ కిట్లతో వైద్య బృందాలు వెళితే తప్ప అసలు సంఖ్య తెలియదు.

సరిహద్దు చిక్కు వేరే ఉంది. కూనవరం, వీఆర్ పురం, చింతూరు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసినా అక్కడి రోగులకు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు గ్రామాల వారికి భద్రాచలం ఏరియా ఆస్పత్రే దగ్గర. కేసు ఇక్కడ నమోదవుతుంది, దోమ అక్కడే ఉంటుంది. మిరప కోతలకు వచ్చిన వలస కూలీ పేరు పక్కన పని చేస్తున్న మండలం పేరు మాత్రమే రాస్తే పిచికారీ బృందం వేరే ఊరికి వెళుతుంది. సొంత గూడెం, జ్వరం మొదలైన తేదీ, ముందు రెండు వారాలు ఎక్కడ పడుకున్నాడు అన్న మూడు వివరాలు రాయడానికి డ్యూటీ నర్సుకు పట్టేది ఒక్క నిమిషం.