వికేంద్రీకృత సామాజిక మాధ్యమాల్లో కొత్త సభ్యుల పంపిణీ: తెలుగు వాడుకరుల కోణం

సామాజిక మాధ్యమం అనగానే ఒకే యాజమాన్యం, ఒకే నియమావళి స్ఫురిస్తాయి. జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన మాస్టొడాన్ ఇందుకు భిన్నం. ఇందులో వేర్వేరు వ్యక్తులు, సంస్థలు నడిపే వేలాది సర్వర్లుంటాయి. ఈ-మెయిల్‌లో వలెనే ఒక సర్వర్‌లోని వాడుకరి మరో సర్వర్‌లోని వారితో సంభాషించవచ్చు. 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదించిన యాక్టివిటీపబ్ ప్రమాణం ఇందుకు ఆధారం.

అయితే కొత్తవారు ఏ సర్వర్‌లో చేరాలి? 2019 నవంబరులో సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతా నిలిపివేతకు నిరసనగా పలువురు భారతీయులు మాస్టొడాన్ వైపు కదిలినప్పుడు ఈ ప్రశ్న ఎదురైంది. 2022 అక్టోబరులో ట్విటర్ యాజమాన్యం మారాక వలస మరింత పెరిగి, నవంబరులో నెలవారీ క్రియాశీల వాడుకరులు పది లక్షలు దాటారు. ఎంపిక భారాన్ని తగ్గించడానికి 2023 మేలో అధికారిక యాప్ కొత్తవారిని ముందుగా మాస్టొడాన్.సోషల్‌కే నడిపించసాగింది. ప్రవేశం సులువైంది కాని, వికేంద్రీకరణ ఆశయం కొంత పలచబడింది.

చిన్న సర్వర్లను ఎంచుకోవడంలోనూ చిక్కులున్నాయి. మాస్టొడాన్.టెక్నాలజీ 2022లో, మాస్టొడాన్.లోల్ 2023లో మూతపడ్డాయి. ఖాతాను మరో సర్వర్‌కు మార్చుకుంటే అనుచరులు వెంట వస్తారు, పాత రాతలు మాత్రం రావు. కవితలూ కథలూ అక్కడే దాచుకున్న రచయితకు ఇది చిన్న నష్టం కాదు.

తెలుగు విషయంలో సమస్య మరింత జటిలం. తన వాడుకరులు అనుసరించే ఖాతాల రాతలే ప్రధానంగా ఒక సర్వర్‌కు చేరతాయి. మెదక్ పట్టణంలోని ఒక విద్యార్థి తెలుగువారెవరూ లేని చిన్న సర్వర్‌లో చేరి 'తెలుగు' అన్న హ్యాష్‌ట్యాగ్ వెతికితే దాదాపు శూన్యమే కనిపించవచ్చు. రాతలు లేవని కాదు, అవి అక్కడికి చేరలేదంతే. పెద్ద సర్వర్‌లో చేరితే ఆంగ్ల ప్రవాహంలో తెలుగు మునిగిపోతుంది. పైగా తెలుగు చదవలేని మోడరేటర్లకు కులదూషణ ఏదో, సామెత ఏదో తెలియదు. కనుక సర్వర్ సామర్థ్యాన్ని బట్టి మాత్రమే కొత్తవారిని పంచే పద్ధతి చిన్న భాషా సమూహాలకు మేలు చేయదు.

నిజాం రాష్ట్ర గ్రంథాలయోద్యమం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. హనుమకొండ చదువరి పుస్తకం కోసం రాజధానికి పోనక్కరలేకపోయింది. ఊరూరా విడివిడిగా పనిచేసినవారు కలుసుకోవడానికి సభలు తోడ్పడ్డాయి. 1930లో అప్పటి మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ అటువంటిదే. పోలిక పూర్తిగా అతకదు: గ్రంథాలయంలో అడుగుపెట్టిన వెంటనే పుస్తకాలు కనిపిస్తాయి, కొత్త సర్వర్‌లో ఎవరినైనా అనుసరించేదాకా ఏమీ కనిపించదు.

ఈ లోటును పూడ్చే సాధనం మాస్టొడాన్‌లోనే ఉంది. అనుసరించదగిన ఖాతాల జాబితాను ఒక ఫైలుగా దిగుమతి చేసుకోవచ్చు. తెలుగు చదవగల మోడరేటర్లున్న మూడు నాలుగు మధ్యస్థాయి సర్వర్లకు కొత్తవారిని పంచి, చేరిన రోజే ఇతర సర్వర్లలోని తెలుగు ఖాతాల జాబితాను చేతికిస్తే, ఎక్కడ చేరినా తెలుగు రాతలు వారిని చేరతాయి. ఆ జాబితాను ఎప్పటికప్పుడు సరిచూసే పని కళాశాలల తెలుగు శాఖలు చేపట్టగలవు. సర్వర్ నిర్వహణ మాత్రం వేరే సంగతి: డొమైన్ రుసుము, రోజువారీ బ్యాకప్, అర్ధరాత్రి వచ్చే ఫిర్యాదు, వీటికి కనీసం ఇద్దరు బాధ్యులు కావాలి.