ఎడారి దీవిలో అతిథులు

ఎడారి అనగానే మన మనస్సునకు తోచునవి ఇసుక, ఎండ, ఒంటె. ఆ ఎడారి సముద్రమధ్యమున ఉండి, అందు జిరాఫీలు మేయుచుండుట వింతగా తోపక మానదు. అబూధాబీ నగరమునకు పడమట, తీరమునకు కొద్ది మైళ్ళ దూరమున ఉన్న సర్ బనీ యాస్ అట్టి దీవి. దీని వైశాల్యము సుమారు 87 చదరపు కిలోమీటర్లు.

1970 తరువాతి సంవత్సరములలో షేక్ జాయెద్ ఇచట వేటను నిషేధించి, లక్షల కొలది చెట్లు నాటించినారు. వర్షము మిక్కిలి అరుదు గనుక, సముద్రజలములోని ఉప్పును తీసివేసి, ఆ నీటిని గొట్టముల ద్వారా మొక్క మొక్కకు అందించుచున్నారు. దీవిలో సగమునకు పైగా కంచె వేసిన వన్యమృగ సంరక్షణస్థలము. అందు జింకలు, జిరాఫీలు, దుమ్ములగొండ్లు కలవు. చీతాలను తెచ్చి విడిచి, స్వయముగా వేటాడుటకు అలవరచినారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమైన మన కృష్ణజింక కూడ అచట ఉన్నదని శ్రోతలు విని సంతోషింతురు.

2008లో ఇచట మొదటి విహారగృహము వెలసినది. తరువాత మృగములు సంచరించు మైదానమున కొన్ని, మడచెట్లకు చేరువగా తీరమున కొన్ని కుటీరములు కట్టినారు. అతిథులను ఉదయ సాయంకాలములందు పైకప్పు లేని జీపులలో, తెలిసిన మార్గదర్శి వెంట తీసికొనిపోవుదురు. బండి దిగరాదు, కేకలు వేయరాదు. అచట గృహస్థు మృగము, మనము అతిథులము. వేసవి ఎండ దుర్భరము. నవంబరు మొదలు మార్చి వరకు అనువైన కాలము.

ఇదియంతయు ధనవంతుల వినోదమేనా అని కొందరు అడుగవచ్చును. దానికి సమాధానము ఓరిక్స్ అను తెల్లని మృగము కథలో ఉన్నది. నిడుపైన కొమ్ములు గల ఈ అరేబియా మృగములలో స్వేచ్ఛగా తిరుగు చివరిదానిని 1972లో ఒమాన్ దేశమున వేటగాండ్రు చంపిరి. మృగశాలలలో మిగిలినవాటి సంతతిని 1982లో అదే దేశమున మరల ఎడారిలో విడిచినారు. మంద పెరిగి 1996 నాటికి 450 అయినది. కాని దొంగవేట వలన 2007 నాటికి 65 మాత్రమే మిగిలెను. చమురు అన్వేషణకై ఆ రక్షితభూమిని నూటికి 90 పాళ్ళు తగ్గించుటచే, యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ జాబితా నుండి తొలగించెను. ఆ జాబితా నుండి తొలగిన మొదటి స్థలము అదియే.

సర్ బనీ యాస్‌లోనో, ఓరిక్స్‌లు నేడు వందల సంఖ్యలో ఉన్నవి. 2011లో ఆ జాతి అపాయస్థితి కొంత తగ్గినదని ప్రకృతి సంరక్షణ సంఘమువారు ప్రకటించిరి.

అయినను కంచె లోపలి అడవి నిజమైన అడవి కాదు. నీటిగొట్టము ఆగిన నాడు ఆ చెట్లు నిలువజాలవు. ఈ దీవిని విత్తనము దాచిన గాదెగా భావించుట సమంజసమని మా అభిప్రాయము. గాదెలోని గింజకు సార్థకత పొలమున మొలచిననాడే గదా! అట్టి పొలమును, అనగా వేటభయము లేని విశాలమైన ఎడారిని, కాపాడుటయే ఇక మిగిలిన పని.